సగం బన్ను మీద విచారణ

బులవాయో, బెల్మాంట్ పేట, రెండో అంతస్తు.
లిఫ్టు పడుకుని మూడేళ్ళయింది.
ఆహార పరిశ్రమల ఉద్యోగ మండలి:
బోర్డులో ఒక అక్షరం ఊడిపోతే
యాజమాన్యం అతికించాలా, యూనియన్ అతికించాలా
ఇంకా తేలలేదు.

బల్లకి ఈ పక్క మూడు కుర్చీలు, ఆ పక్క మూడు.
లెక్కపెట్టి వేసేది నేనే.
ఒకటి తేడా వచ్చిందా
మాటకి ముందే తగువు మొదలవుతుంది.
నాది మూల కుర్చీ. మినిట్స్ రాస్తాను.

ఈ పూట కేసు మ్తులిసి న్యోనిది.
పదకొండేళ్ళుగా ఓవెన్ దగ్గర, రాత్రి షిఫ్టు.
బెల్టు మీంచి కింద పడ్డ బన్ను సగం తిన్నాడు.
మిగతా సగం జేబులో దొరికింది.
దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేసి
సాక్ష్యమని తెచ్చారు.
ఆరు వారాల బన్ను, ఒక పక్క ఆకుపచ్చ మెరక.
అతనికి జీతం ఆగి కూడా ఆరు వారాలే.

"ఈరోజు బన్ను, రేపు పిండి బస్తా," అన్నాడు మేనేజరు చివాసా.
"పొట్ట కొడుతున్నారు," అన్నాడు యూనియన్ ముసలాయన.
రెండూ రాశాను.
ఎన్నేళ్ళుగా రాస్తున్నానో ఈ రెండు వాక్యాలూ,
పేర్లు మారుస్తూ.

మండలి అధికారి గుమేడె గారు
కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి అడిగింది:
కింద పడ్డవి ఏం చేస్తారు?
పందుల ఫారానికి అమ్ముతాం.
కిలో ఎంతకి?
చివాసా కాగితాలు తిరగేశాడు. బయటికెళ్ళి ఫోను చేశాడు.
ఎనిమిది సెంట్లు.

కింది అంతస్తు నుంచి పార్శిళ్ళు తూచే త్రాసు తెప్పించింది.
ఇరవై రెండు గ్రాములు.
ఒక సెంటులో అయిదో వంతు కూడా లేదు.
ఎవరూ నవ్వలేదు.
ఫ్యాను మాత్రం తిరుగుతోంది, కరెంటున్న గంట అది.

ఆమె దయ గురించి మాట్లాడలేదు.
ఒప్పందం పద్నాలుగో పేజీ తీసి చదివింది:
దొంగతనం దొంగతనమే.
తర్వాత పదిహేనో పేజీ కూడా చదివింది:
శిక్షకి కొలత ఉండాలి.
చివాసా తల వంచుకుని మెల్లగా అన్నాడు,
నేనూ అక్కడే నేల ఊడ్చి పైకొచ్చాను మేడమ్,
నాకైతే ఎవరూ త్రాసు తేలేదు.
ఇది రాయాలో వద్దో తెలీక
పెన్ను కాసేపు గాల్లో ఆపాను.
రాయలేదు.

సాయంత్రానికి తేలింది:
పని తిరిగి ఇస్తారు, ఆఖరి హెచ్చరికతో.
ఆరు వారాల్లో మూడు వారాల జీతం.
సగం బన్నుకి సగం జీతమన్నమాట.
ముసలాయన గొణిగాడు. చివాసా గొణిగాడు.
ఇద్దరూ గొణిగితే ఒప్పందం గట్టిదని
గుమేడె గారి లెక్క.

మెట్ల దగ్గర మ్తులిసిని ఆపాను.
జేబులో సగం ఎవరి కోసం, పిల్లల కోసమా?
నా మనసులో ఒక కథ అప్పటికే తయారై ఉంది.
కాదు అక్కా, అన్నాడు.
తెల్లవారుజామున నాలుగింటికి టీ ఇస్తారు.
టీలోకి.

రేపు ఇవే కుర్చీల్లో పరిశ్రమ మొత్తానికి వేతనాల చర్చ.
మిల్లుల వాళ్ళు, మిఠాయి వాళ్ళు, రొట్టెల వాళ్ళు.
గోధుమ ధర, డీజిలు ధర అని వీళ్ళంటారు,
వ్యాను చార్జీ అని వాళ్ళంటారు.
ఏ నోట్లలో ఇవ్వాలన్న దగ్గర మధ్యాహ్నం అయిపోతుంది.
పోయినసారి నాలుగుసార్లు వాయిదా పడింది.
అయిదోసారి కలిశారు.
నేను కుర్చీలు లెక్కపెట్టాను.

అందరూ వెళ్ళిపోయాక చూస్తే
సంచి బల్ల మీదే ఉంది.
ఫారంలో ఒక గడి:
సాక్ష్య వస్తువు తిరిగి తీసుకున్న యజమాని సంతకం.
కంపెనీ వదిలేసి పోయింది.
అతనూ వదిలేసే పోయాడు.
ఫైలుకి పిన్ను గుచ్చుదామంటే
అప్పటికే చీమలు దారి కనిపెట్టేశాయి,
సీలు పక్క చిన్న కన్నంలోంచి,
ఒకదాని వెనక ఒకటి,
వరస తప్పకుండా.